99 అన్న

లాలాగూడ నుంచి తార్నాక దాకా బ్యాచిలర్లకు ఇచ్చే గదుల్లో ముగ్గురు తప్పకుండా ఉంటారు. గ్రూప్స్‌కు చదివేవాడు ఒకడు. పీహెచ్‌డీ తేలనివాడు ఇంకొకడు. మూడోవాడు ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, అది లేచేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంటాడు. మొదటి ఇద్దరి మీద కథలొచ్చాయి, సినిమాలొచ్చాయి. మూడోవాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు.

ఉస్మానియా క్యాంపస్‌లో ఆ మూడోవాణ్ణి 99 అన్న అంటారు. ఎందుకో తర్వాత చెబుతాను. ఎం.టెక్ ఎప్పుడో అయిపోయింది, క్యాంపస్ మాత్రం అవలేదు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొస్తాడు. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ ట్యూన్ చేయలేదన్న దిగులు ఆయన ముఖంలో కనిపిస్తుంది. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం కాలంలో, 1893లో మొదలైన వర్క్‌షాపు అది. బోగీ లోపలికి వస్తే విప్పుతారు, చక్రాలు చూస్తారు, బ్రేకులు చూస్తారు, మళ్లీ పట్టాల మీదికి పంపిస్తారు. మనవడికి విప్పడం వరకు వంశపారంపర్యంగా వచ్చింది.

స్విచ్ నొక్కగానే మిగతా జనం టీ కోసం లేస్తారు. అన్నకు అసలు సినిమా అప్పుడే మొదలు. ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను లేపుతుంది. గ్రబ్ లినక్స్ కెర్నెల్‌ను మెమరీలోకి ఎత్తి, దాని చెవిలో ఒక వాక్యం వేస్తుంది: నీ ఇల్లు ఫలానా డిస్కులో ఉంది, ముందు చదవడానికే తెరువు, లేస్తూ గోల చేయకు. ఈ చివరి మాట పేరు ‘క్వయెట్’. అన్న చెయ్యి పడ్డ ప్రతి మెషీన్లో మొదట ఎగిరిపోయేది అదే. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు జరజరా దొర్లిపోవాలి. ఎవరూ చదవలేనంత వేగంగా అవి పోతుంటే ఆయన అన్నీ అర్థమైనట్టు తల ఊపాలి.

గ్రబ్ తెర మీద ‘ఇ’ నొక్కి మార్చింది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. నిలబడాలంటే గ్రబ్ ఫైల్లో రాసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. నిజం చెప్పొద్దూ, తెర మీద బొమ్మే రాని ల్యాప్‌టాప్‌లకు ‘నోమోడ్‌సెట్’ అన్న ఒక్క మాట చేర్చి ప్రాణం పోసిన పుణ్యం ఆయన ఖాతాలో ఉంది. అక్కడితో ఆగితే ఆయన్ని డాక్టరనే అనేవాళ్లు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడి ప్రపంచమంతా కంగారుపడింది. కెర్నెల్ రాసేవాళ్లు కాపలాలు పెట్టారు, దాంతో వేగం కొంత తగ్గింది. మరుసటేడు 5.2 వెర్షన్లో, కాపలాలన్నిటినీ ఒకే మాటతో తీసేసే వీలు కూడా కల్పించారు. ‘మిటిగేషన్స్ ఆఫ్’. ఆ సంగతి తెలిసిన రాత్రి అన్నకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కు కాపలా లేదు.

“దొంగలొస్తే ఎట్లన్నా?”

“నీ దాంట్ల ఏముందిరా దోచుకునేటందుకు? సగం రాసిన థీసిస్. తీస్కపోయినోడు పూర్తిచేసి తెచ్చిస్తడు.”

కెర్నెల్ లేచాక తిప్పడానికి ఇంకా వందల మీటలుంటాయి. సిస్‌కంట్రోల్ అనే కమాండ్‌తో తిప్పొచ్చు. రీస్టార్ట్ చేస్తే అవీ మొదటికొస్తాయి. అందుకే ఫైళ్లలో రాసి పెడితే, కెర్నెల్ తర్వాత లేచి సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డి లేచేటప్పుడల్లా చదివి అమలు చేస్తుంది. ఈ మీటల్లో అన్నకు ప్రాణం స్వాపీనెస్. మామూలుగా అది 60 ఉంటుంది. “ర్యామ్ అరవై శాతం నిండంగనే డిస్కు మీదికి నూకుతది తమ్మీ, గందుకే స్లో. పది చెయ్యి, చూడు మరి.” చాలామంది నమ్మేదే ఇది. నిజానికి అది శాతమే కాదు. మెమరీ ఇరుకైనప్పుడు, డిస్కు నుంచి చదివి దాచుకున్న ఫైళ్ల నకళ్లు పారేయాలా, నడుస్తున్న ప్రోగ్రాముల మెమరీని స్వాప్‌లోకి తోయాలా అని చూసే తూకం. 2020లో వచ్చిన కెర్నెల్ 5.8 నుంచి ఆ అంకె 200 దాకా పోతుంది. ర్యామ్ రెండు వందల శాతం ఎలా నిండుతుందన్నా అని అడిగాను.

“అది వేరే 200” అన్నాడు.

ఇక పేరు సంగతి. సిస్టమ్‌డి ఆ ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది. ఒకే మీట గురించి ఇద్దరు రాస్తే చివరివాడిదే చెల్లుబాటు. అందుకని ఫైలు పేరు ముందు 10 అనో, 50 అనో వేసుకుంటారు. అన్న 99 వేస్తాడు. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో పదిమందీ వాడే మెషీన్లో అలాగే పెట్టాడు. అంకెల తర్వాత అక్షరాలొస్తాయని కనిపెట్టిన జూనియర్ ఒకడు, జడ్ అని పేరుపెట్టిన ఫైల్లో మళ్లీ 60 రాశాడు. అన్న రెండు జడ్‌లు పెట్టాడు. వాడు మూడు. క్యాంపస్ గోడ మీద ఒక సంఘం పోస్టర్ మీద ఇంకో సంఘం అంటించినట్టు యుద్ధం సాగింది. ఏడు జడ్‌ల దగ్గర ప్రొఫెసర్ గారు ఓపిక నశించి ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ వేయించారు. ఆ తర్వాత స్వాప్ ముట్టుకోవాల్సిన అవసరమే ఆ మెషీన్‌కు రాలేదు.

లేవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కచెప్పే కమాండ్ ఒకటుంది. ఏ సర్వీసు ఎంత ఆలస్యం చేసిందో పేరుపేరునా చాడీలు చెప్పేది ఇంకొకటి. రెండోదంటే ఆయనకు మరీ ఇష్టం. ఒక ఆదివారం పద్నాలుగు సెకన్లను పదకొండుకు దించాడు. మిగిల్చిన మూడు సెకన్ల కోసం టిఫిన్, భోజనం రెండూ మానేశాడు. ఇంటి ఓనరు ఆంటీ కిటికీలోంచి అడిగింది: “ఏం బాబూ, కంప్యూటర్ ఇంక లేవలే?”

“లేచిందాంటీ.”

“మరి మళ్లెందుకు పండవెట్టినవ్?”

న్యాయమైన ప్రశ్న. లేచిన కంప్యూటర్‌తో ఆయన ఏమీ చేయడు. హాల్‌టికెట్ కావాలంటే తార్నాకలోని నెట్ సెంటర్‌కు పోతాడు. అక్కడి మెషీన్లో ఎవరూ ఏదీ మార్చలేదు. ప్రింట్ వస్తుంది.

2025 ఆగస్టులో డెబియన్ లినక్స్ 13వ వెర్షన్ విడుదలైంది. అన్న వెంటనే ఎక్కించాడు. సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆయనది పాత పద్ధతి: పోగుచేసిన మీటలన్నీ సిస్‌కంట్రోల్ పేరుతో ఉండే ఒకే పాత ఫైల్లో. 13లో సరిగ్గా ఆ ఫైలును చదవడమే సిస్టమ్‌డి మానేసింది. విడుదల నోట్సులో స్పష్టంగా రాశారు కూడా. నోట్సు చదవడం డిఫాల్ట్ జనం చేసే పని.

“చూసినవా తమ్మీ, నా ట్యూనింగ్‌కు 13 తోడైతే మక్ఖన్ లెక్క ఎట్ల నడుస్తుందో!” అని వారం పాటు గదికొచ్చిన ప్రతివాడికీ చూపించాడు. ఏడు జడ్‌ల జూనియర్ కూడా వచ్చాడు. మెచ్చుకున్నాడు, టీ తాగాడు. పోతూ పోతూ వంగి, స్వాపీనెస్ ఎంతో చూపించమని ఒక కమాండ్ కొట్టాడు.

60.

అన్న కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

“రీడింగ్ తప్పు చూపిస్తుంది. ఆగు, ఒక్కసారి రీస్టార్ట్ కొడదాం.”