చుట్టాలొస్తాండారు

సోషల్ సారుకు ఆదోనికి బదిలీ అయింది. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు గానీ, చిన్నపిల్లతో ఆ తిరుగుడు వద్దని సారు భార్య పట్టుబట్టింది. బాడుగ ఇంటి వేట మొదలైంది.

ఆదోని పత్తి ఊరు. తెలుగు, కన్నడం, ఉర్దూ, మార్వాడీ ఒకే బజారులో వినిపిస్తాయి. 17వ శతాబ్దంలో ఈ ఊరిని ఏలి, జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా సంతతి హబ్షీ. ఆయనే ఇప్పుడొచ్చి టూలెట్ బోర్డున్న గేటు తడితే రెండు గదులు దొరుకుతాయని నేనైతే పూచీ పడలేను.

మొదటి ఇంట్లో సారుకు "చుట్టాలొస్తాండారు" అన్నారు. రెండో ఇంట్లోనూ చుట్టాలే. మూడోచోట అడ్వాన్సు దాకా వచ్చి, ఇంటిపేరు చెప్పినాక చుట్టాలు బయల్దేరారు. టూలెట్ బోర్డులు మాత్రం దిగలేదు.

ఇదంతా సారు బడిలో చెప్పే పాఠమే. అంటరానితనం నిషేధమని రాజ్యాంగం 17వ అధికరణం. 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న చట్టంలోని 4వ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది: అంటరానితనం సాకుతో ఎవరినీ ఏ వీధిలోనూ కాపురం ఉండకుండా అడ్డుకోరాదు. పిల్లలకు పరీక్షలో మార్కులొస్తాయి. కానీ ఆ మాట నోటితో అనేవాడెవడు? రాని చుట్టాల మీద ఏ స్టేషన్లో కేసు పెట్టాలి?

నాలుగో ఇల్లు బాగుంది. మేడ మీద రెండు గదులు, వేరే మెట్లు, కొళాయి. గేటు మీద దేవుడి పేరే గానీ ఇంటాయన పేరు లేదు. హాల్లో గోడనిండా దేవుళ్లే, మనుషుల ఫోటో ఒక్కటీ లేదు. ఇంత భక్తిపరులు మనకేం ఇస్తారని సారు అప్పుడే ఆశ వదిలేసుకున్నాడు.

మార్కెట్ యార్డులో వ్యాపారి పత్తి బోరెంలో చెయ్యి దూర్చి పింజ లాగి చూసినట్టు, ఇంటాయన నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఎమ్మిగనూరులో యాడప్పా?"

"సొసైటీ తట్టు సార్."

ఎమ్మిగనూరులో సొసైటీ అంటే 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘమే. ఇంటాయన మొహం విప్పారింది.

"వీవర్స్ కాలనీనా?"

"దానికి అవతల."

అవతల ఏముందో అడగబోయి ఆగినాడు.

"తింటారా?"

"ఆదివారం సార్. పొట్టేలుది."

"పొట్టేలుదేనా? పెద్దకూర గిట్ల..."

"లేదు సార్."

"ఆదివారం యాడికన్నా పోతారా, ప్రార్థనకు?"

"నిద్రపోతాం సార్."

ఇంటామె ఈలోగా ఆయమ్మ నొసటి బొట్టు, మెళ్లో తాళి, కాలి మెట్టెలు ఒక్క చూపులో లెక్కబెట్టి కాఫీ తెచ్చింది. స్టీలు గ్లాసుల్లోనే. పాప కిందపడేసిన బిస్కెట్టు తీసి, ఇంకోటి చేతికిచ్చింది.

బాడుగ కుదిరింది. అడ్వాన్సు నోట్లు ఇంటాయన చేతిలోకి వెళ్లాయి. అప్పుడు సారుకు ఏమయిందో తెలియదు. ఆ కాఫీయే అయ్యుండాలి. రేపు ఎవరో చెప్పి, సామాన్లు వీధిలో పెట్టించుకునే కంటే ఇప్పుడే నయమనుకున్నాడో ఏమో.

"సార్, ఒక మాట. మేము ఎస్సీలం."

ఇంటామె గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంటాయన నోట్లను మళ్లీ ఒకసారి ఎంచి, సారు చేతిలోనే పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయమ్మ అప్పటికే పాపకు చెప్పులు తొడుగుతోంది.

గేటు దాకా ఇంటాయన వెంట వచ్చాడు. ఇది మాత్రం కొత్త. ఇంతవరకూ ఎవరూ సాగనంపలేదు. సారుకు ఒళ్లు మండింది.

"మీకూ చుట్టాలొస్తాండారా సార్?"

ఇంటాయన వీధి అటూ ఇటూ చూశాడు. ఎదురింటి అరుగు మీద ఎవరూ లేరు. గొంతు తగ్గించాడు.

"మాకు చుట్టాలు రారప్పా. మేమే రానియ్యం. మా సొంత అక్క కొడుకు ఈ ఊర్లోనే జిన్నింగ్ మిల్లులో పనిజేస్తాడు. నీ మాదిరే పెండ్లాం బిడ్డతో వచ్చి అడిగితే వానికే ఇయ్యలేదు ఈ ఇల్లు. వాడు ఈ గడప తొక్కితే, మేమేమోళ్లమో వీధికంతా తెలిసిపోతాది."