ఉన్నవారిలోనూ లేడు, లేనివారిలోనూ లేడు

భద్రాచలం అడవంచున గుత్తికోయ గూడెం. ఆపరేటర్ ట్యాబ్‌లో ఫారం నింపుతున్నాడు.

‘‘తాతా, పుట్టిందెప్పుడు?’’

‘‘ఇప్పపూలు రాలేటప్పుడు.’’

ఫారంలో ఆ నెల లేదు. జనవరి 1 కొట్టేశాడు. గూడెంలో సగం మంది పుట్టినరోజూ అదే, కేకు ఖర్చు కలిసొస్తుంది.

కులం గడి దగ్గర చిక్కొచ్చింది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినాయన, పత్రం లేదు. గడి ఖాళీ. డేటాబేస్ దానికి ‘నల్’ అని పేరు పెట్టింది. నల్ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని. ‘ఎస్టీలెవరు?’ అని అడిగితే తాత రాడు. ‘ఎస్టీలు కానివారెవరు?’ అన్నా రాడు! నల్‌కు నల్ సమానమా అంటే అదీ తెలియదంటుంది. అంటే తాతా, గడి ఖాళీగానే ఉన్న ఆయన తమ్ముడూ ఒకే కులమో కాదో కంప్యూటర్ తేల్చదు.

రిలేషనల్ డేటాబేస్ పితామహుడు ఎడ్గర్ కాడ్ 1990 నాటి పుస్తకంలో ‘తెలియనిది’ వేరు, ‘వర్తించనిది’ వేరు, రెండు గుర్తులుండాలన్నాడు. పాపం, మన మూడోది ఆయనకు తట్టలేదు: ‘అడగలేదు’.

పోడు పట్టా ఫారంలో మాత్రం ఖాళీ కుదరదు, ఎర్ర చుక్క ఉంది.

‘‘2005 డిసెంబర్ 13కు ముందు ఎక్కడున్నావు తాతా?’’

‘‘అడవిలో.’’

‘‘పిన్‌కోడ్?’’