మా ఇంటి రెండో నల్ల బంగారం

మా బాపు గోలేటి ఒకటో ఇంక్లైన్ బొగ్గు గనిలో కోల్ ఫిల్లరు. ఆయన తర్వాత వారసత్వంగా నాకు ఉద్యోగం వచ్చింది, క్వార్టరు వచ్చింది, నడుము నొప్పీ వచ్చింది. జాజ్ పిచ్చి మాత్రం నా స్వార్జితం. నైట్ షిఫ్టు దిగి వచ్చి, నిద్ర పట్టక ఫోన్లో ఘంటసాల కోసం వెతుకుతుంటే వేలు జారి మైల్స్ డేవిస్ తగిలాడు. అప్పటి నుంచి నిద్ర అసలే పట్టడం లేదు.

ఫోన్లో వింటే పైసా ఖర్చు లేదు. కానీ పిచ్చి ముదిరినవాడికి గ్రామఫోన్ ప్లేటే కావాలి. ఆదివారం సెలవు దొరికితే హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్, గురువారం దొరికితే జుమేరాత్ బజార్. తిరుగు ప్రయాణం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో. పన్నెండు అంగుళాల చదరపు అట్టను కవరులో పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చుంటే ఎదురు సీటు పెద్దమనిషి జాలిగా చూస్తాడు. పట్నం నుంచి అంత వెడల్పు కవరు తెచ్చేవాడి చేతిలో ఈ లైన్లో ఉండేది ఎక్స్‌రేనే మరి.

"ఎవలికి బాగలేదు బిడ్డా? ఏం చెప్పిన్రు డాక్టర్లు?"

మొదట్లో అట్ట బయటికి తీసి వివరించేవాణ్ణి. ఇప్పుడు "పర్వాలేదన్నరు" అని ఊరుకుంటున్నాను. ఆసిఫాబాద్ రోడ్‌లో దిగేటప్పుడు ఆయన భుజం తట్టి ధైర్యం కూడా చెప్తాడు.

ఇంట్లో అంత జాలి దొరకదు. "పొద్దంత నల్లది తవ్వుతవ్, జీతం పడంగనే పోయి మళ్ల నల్లదే కొనుక్కొస్తవ్" అంటుంది మా ఆవిడ. ప్లేటుకు వాడే ప్లాస్టిక్‌కు పుట్టుకతో ఆ నలుపు లేదనీ, కార్బన్ బ్లాక్ అనే మసి కలిపితేనే వస్తుందనీ ఒకసారి వివరించాను. వివరించకుండా ఉండాల్సింది. "మసే కావాల్నంటే కిటికీ రెక్కల మీద శానా ఉన్నది, తుడుచుకో" అని గుడ్డ చేతికిచ్చింది.

ఆ గుడ్డతోనే సగం జీవితం గడుస్తోంది. గాడిలో దుమ్ము పడితే ముల్లు చిటపటలాడుతుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బూర ఎత్తుకునేలోపు మా ఇంట్లో ఆవాల పోపు పడుతుంది. పోనీ శబ్దం పెంచి పోపును ముంచేద్దామంటే, ఇది మూడు షిఫ్టుల ఊరు. ఏ వేళ చూసినా పక్క క్వార్టర్లలో ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. న్యూయార్క్ క్లబ్బుల్లో గ్లాసుల చప్పుడు మధ్య పెరిగిన సంగీతాన్ని నేను పసిపాప పక్కన గుసగుసలా వింటున్నాను.

పక్క క్వార్టర్ కాకాను ఒకసారి పిలిచి కూర్చోబెట్టాను. కోల్‌ట్రేన్ శాక్సఫోన్ ఒక పక్క అయ్యేదాకా కదలకుండా విన్నాడు. నా కళ్లు చెమర్చాయి. ప్లేటు తిప్పబోతుంటే మెల్లగా అడిగాడు: "అంత మంచిగనే ఉన్నది గని, జ్యోతిలక్ష్మి ఎప్పుడొస్తది?"

కాకాను తప్పు పట్టలేను. మన సినిమాల్లో శాక్సఫోన్ మోగిందంటే విలన్ డెన్, ఎర్ర దీపం, ఆ వెనక జ్యోతిలక్ష్మి. పాపం ఆయన అంతసేపూ తలుపు వైపు చూస్తున్నది అందుకే.

మా భజన మండలి తబలా ఆయన ఇంకో రకం. డేవ్ బ్రూబెక్ బృందం 1959లో వాయించిన 'టేక్ ఫైవ్' పెట్టాను. కట్టింది అందులో శాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. నడక ఐదు దెబ్బలది. ఈయన తొడ మీద లెక్కేసి, "తకిట తక. మన ఖండచాపునే తిప్పి ఏసిండ్రు" అని తేల్చాడు. బ్రూబెక్ అంతకు ముందు ఏడాదే మద్రాసు వచ్చి వాయించి వెళ్లాడని నోరు జారాను. "గదీ సంగతి!" అన్నాడు, దొంగను ఆనవాళ్లతో పట్టుకున్నవాడిలా.

ఇక అసలు గాయం. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' కోసం నేను తిరగని ఫుట్‌పాత్ లేదు. 1959లో ఆ ప్లేటు మొదటి పక్క మూడు పాటలూ టేపు మిషన్ పొరపాటు వల్ల కాస్త వేగంగా, శ్రుతి పెరిగి అచ్చయ్యాయి. సరిదిద్దింది 1992లో. 33 తిరుగుళ్ల ప్లేటుకు 33 ఏళ్లు! ఆ తప్పుల ప్లేటే నాకు కావాలి. చివరికి ఒక ఆదివారం ఆ నీలి అట్ట కనబడింది. రెండు మస్టర్ల కూలి డబ్బు పోసి, పదిమంది పరామర్శల మధ్య ఇంటికి తెచ్చి, ముల్లు ఆనించి కళ్లు మూసుకున్నాను.

హరిశ్చంద్రుడు కాటిసీను ఎత్తుకున్నాడు.

లోపలి ప్లేటు పద్యాల ప్లేటు. అట్ట మాత్రమే మైల్స్ డేవిస్‌ది. నేను తేరుకునేలోపు బాపు పంచె సర్దుకుంటూ వచ్చి "పెంచురా" అన్నాడు. కాకా వచ్చాడు, ఈసారి తలుపు వైపు చూడలేదు. తబలా ఆయన వచ్చాడు. సెకండ్ షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్లు స్టాండ్ వేశారు. ఫస్ట్ షిఫ్టుకు పోవాల్సి పడుకున్నవాళ్లు లేచి వచ్చి, "మళ్ల పెట్టు" అన్నారు. మా ఆవిడ రెండుసార్లు చాయ్ పెట్టింది. నేను కూడబెట్టిన మొత్తం జాజ్‌లో ఊరికి నచ్చింది అదొక్కటే.

అయ్యా, అమ్మా, ఆ హరిశ్చంద్రుడి అట్ట ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఇది చదివే మీలో ఎవరైనా కాటిసీను కోసం ముల్లు ఆనిస్తే ఎవడో బూర ఊదుతూ కూర్చున్నాడా? పారేయకండి. గోలేటికి కబురు పెట్టండి. రాకపోకల ఖర్చు నాది. ప్లేటుకు ప్లేటు ఇస్తాను, కాకపోతే బాపు ఇంట్లో లేని పూట రండి.