విజయాతైల పరీక్షాపత్రమునకు టీకాతాత్పర్యము

కాళిదాసకావ్యములకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన మెదకుసీమలోని కొల్చారమువాడు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ఆయన పూనిన వ్రతమును నేనును యథాశక్తి పాటింపవలసివచ్చినది. ఏలయన, మోకాళ్లనొప్పికై ఆయుర్వేదవైద్యుని చీటీపై విజయాతైలము (విజయ యనగా గంజాయిమొక్కయే) తెప్పించుకొనిన మేడ్చలు మిత్రుడొకడు సీసాతో వచ్చిన పరీక్షాపత్రమును నా చేతబెట్టి, "దీనికి అర్థము చెప్పి మఱీ కదలుము" అని పట్టుబట్టెను.

మూలము: "సి.బి.డి. 1.5 శాతము. టి.హెచ్.సి. ఎన్.డి. గుర్తింపు పరిమితి 0.05 శాతము. ఫలితములు పరీక్షించిన నమూనాకు మాత్రమే వర్తించును."

ప్రతిపదార్థము: సి.బి.డి. = గంజాయిమొక్కయందలి మత్తు కలిగింపని ద్రవ్యము; 1.5 శాతము = గ్రామునకు 15 మిల్లీగ్రాములు; టి.హెచ్.సి. = మత్తు కలిగించు ద్రవ్యము; ఎన్.డి. = యంత్రమునకు కానరాలేదు.

తాత్పర్యము: సీసాపై "విజయాసారము 1000 మి.గ్రా." అని పెద్దయక్షరములతో నుండుటచే అంతయు సి.బి.డి.యే యని మిత్రుడు మురిసెను. సారము వేఱు, సి.బి.డి. వేఱు. 30 మిల్లీలీటర్ల నూనె తూకమునకు సుమారు 28 గ్రాములు. దానిని 15చే గుణింపగా 420 మిల్లీగ్రాములే తేలినవి. ఇక ఎన్.డి. యనగా సున్న కాదు. ఆ 0.05 శాతమునకు లోబడి సీసా మొత్తమున 14 మిల్లీగ్రాములవఱకు టి.హెచ్.సి. దాగియున్నను పత్రము అసత్యమాడినట్లు కాదు.

విశేషములు: పచ్చిమొక్కలో టి.హెచ్.సి. చాలవఱకు ఆమ్లరూపమున నుండి, వేడి తగిలినప్పుడు బొగ్గుపులుసుగాలిని విడిచి టి.హెచ్.సి.గా మాఱును. కావున ఆమ్లమును 0.877చే గుణించి కలిపినదే మొత్తము లెక్క. మన పత్రమున ఆ ఆమ్లపు వరుసయే లేదు. భారలోహముల పట్టికలో సీసము 10, పాషాణము 3, పాదరసము 1, కాడ్మియము 0.3 పి.పి.యం.లకు లోబడవలెను, ఇవి లోబడినవి, చాలును. ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చు ఎన్.ఎ.బి.ఎల్. ముద్ర యున్నంతమాత్రమున ప్రయోగశాల చేయు ప్రతి పరీక్షకును గుర్తింపున్నదనుకొనరాదు. గుర్తింపు పరిధిని వేఱుగ చూడవలెను.

శామీర్‌పేటలో ధర్మశాస్త్రమునకు నల్సారును, ద్రవ్యశాస్త్రమునకు తుర్కపల్లి దారిని జీనోమ్ వ్యాలీయును ఇరుగుపొరుగులై యున్నను, ఈ తైలము విషయమున ఒకరి మాట మఱొకరికి చాలదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతకాయల కొసలను గంజాయి యని పేర్కొని, కొసలతో కూడని ఆకును, విత్తనమును ఆ నిర్వచనమునుండి తప్పించినది. నూనె ఆకునుండి వచ్చినదో, పూతనుండి వచ్చినదో ఈ శాతముల పట్టిక చెప్పజాలదు. అందులకు తయారీదారుని ఆయుష్ అనుమతిపత్రమును చూడవలసినదే.

మూలమునందలి తుదివాక్యము నమూనాను గూర్చినది. ఏ నమూనా? పత్రముపై "వినియోగదారుచే సమర్పితము" అని యున్నది. అనగా ప్రయోగశాలకు వినియోగదారుడైన తయారీదారుడు తెచ్చియిచ్చిన దానినే ప్రయోగశాల పరీక్షించినది. బ్యాచి సంఖ్యలను సరిపోల్చితిని, కలియలేదు. తేదీలు చూడగా పత్రము జనవరిది, సీసా నింపినది మార్చిలో; శిశువు పుట్టకమున్నే జాతకము వ్రాసిరి! ఈ బ్యాచి పత్రమునే పంపవలసినదని మిత్రునిచేత విక్రేతకు ఉత్తరము వ్రాయించితిని. వారు మరునాడే, మిక్కిలి వినయముతో, ఆ జనవరి పత్రమునే మరల పంపిరి.