కొలను గట్టు మీది స్పీకరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్పీకరు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నా చెవులు తప్ప అందరం క్షేమం. మీరు క్షేమమని వేరే రాయనక్కరలేదు. శనివారం అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర దాకా ఆ సంగతి ఊరంతటికీ మీరే చెప్పారు.

నన్ను మీరు ఎరగరు. బాపట్ల తీరంలో మీరు కొలువున్న రిసార్టుకు మొన్న ఫిబ్రవరిలో గుంటూరు నుంచి వచ్చి, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం ఉదయం దాకా 107వ నంబరు గదిలో దిగినవాణ్ణి. ఖాళీ చేసేటప్పుడు కౌంటరులో ఒక కాగితం చేతికిచ్చి అభిప్రాయం రాయమన్నారు. గది, భోజనం, శుభ్రత, సిబ్బంది మర్యాద అని నాలుగు గళ్లు. నాలుగింటికీ మంచి మార్కులే వేశాను. మీ పేరున గడి లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మంచి చెప్పి తీరాలి. లేకపోతే ముసలాయన సణుగుడు అని కొట్టిపారేస్తారు. దుప్పట్లు తెల్లగా ఉతికి, ఎండలో ఆరేసిన వాసనతో ఉన్నాయి. కుళాయి తిప్పగానే వేణ్ణీళ్లు వచ్చాయి. పండుగప్ప పులుసు గురించి ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు మాట్లాడుకున్నాం. వడ్డించే కుర్రాడు "ఇంకో ముక్క వేసుకోండి తాతగారూ" అంటే, బిల్లు కోసం అంటున్నాడో ప్రేమతో అంటున్నాడో తేల్చుకోలేక రెండు ముక్కలు వేయించుకున్నాను. కిటికీ తెరిస్తే సరుగుడు చెట్లు, వాటి సందుల్లోంచి నీలంగా నీళ్లు. సముద్రం కనిపించే గది కాబట్టి రోజుకు 1,200 రూపాయలు అదనం అన్నారు, ఇచ్చాను. ఇచ్చిన డబ్బుకు సముద్రం కనిపించింది. వినిపించలేదు.

ఎందుకు వినిపించలేదో శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తెలిసింది. మీరు జంటగా ఉంటారు. ఈత కొలనుకు ఈశాన్యాన ఒకరు, ఆగ్నేయాన ఒకరు, ఎవరో వాస్తు చూసి నిలబెట్టినట్టు. నిలువెత్తు నల్లపెట్టెలు, నడుముకు నీలం దీపాల వడ్డాణం. కొలనులో ఆ వేళకు ఉన్నది ఆరుగురు పిల్లలు, వాళ్లను కనిపెట్టుకుని ఇద్దరు తల్లులు. ఆ ఎనిమిదిమందికీ మీరు పెళ్లి ఊరేగింపుకు సరిపడా పాడారు.

గట్టు అవతలి వైపు నుంచి మా ఆవిడ నన్నేదో అడుగుతోంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నేను చెయ్యి చెవి దగ్గర పెట్టాను. ఆవిడ గొంతు పెంచింది. ఇంకా పెంచింది. సరిగ్గా అప్పుడే మీరు ఒక పాట ముగించి రెండో పాటకు ఊపిరి తీసుకున్నారు. ఆ మూడు క్షణాల నిశ్శబ్దంలో మా ఆవిడ కేక రిసార్టంతా మారుమోగింది: "మందు వేసుకున్నారా?" అడిగింది రక్తపోటు బిళ్ల గురించి. కొలనులో తల్లులిద్దరూ నా వైపు చూసి పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. ఆ రెండు రోజులూ నా పరువు ఏమైందో మీకు తెలియదు.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "గెస్టులు అడుగుతారు సార్. మ్యూజిక్ లేకపోతే డల్‌గా ఉందంటారు" అన్నాడు. సరే, ఎవరా అడిగినవాళ్లు అని నేను విచారణ మొదలెట్టాను. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త దంపతులను అడిగాను. "మేం అడగలేదండీ, ఇక్కడ పద్ధతేమో అనుకున్నాం" అన్నారు. నరసరావుపేట కుటుంబాన్ని అడిగాను. "వాళ్లు పెట్టారు, మేం వింటున్నాం" అన్నాడు ఆ ఇంటాయన. చివరికి మీ మీటలు తిప్పే కుర్రాడి దగ్గరికి వెళ్లాను. రెండుసార్లు పిలిచినా పలకలేదు. భుజం తడితే ఇటు తిరిగాడు. చెవుల్లో దూది.

స్పీకరు గారూ, మీ కచేరీ సంగతి ఇదీ. అతిథులు అడిగారని హోటలు వాళ్లు పెడతారు, హోటలు వాళ్లు పెట్టారని అతిథులు భరిస్తారు, పెట్టే కుర్రాడు చెవులు మూసుకుంటాడు. అడిగినవాడు ఒక్కడూ దొరకలేదు నాకు.

రాత్రి గదిలో పడుకున్నాక మీ గురించి ఇంకో సంగతి తెలిసింది. మీ పాటలో మాటలు గోడ అవతలే ఆగిపోయాయి. రాగమూ ఆగిపోయింది. లోపలికొచ్చింది దరువొక్కటే. దీనికి కారణం ఉంది. సన్నని శబ్దాన్ని గోడ చాలావరకు వెనక్కు కొడుతుంది. లోతైన దరువును ఆపడం దాని వల్ల కాదు. సెకనుకు 50 సార్లు కంపించే శబ్దానికి గాలిలో ఒక్కో తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. నా గది పొడవే అంత లేదు. అలాంటి తరంగం గోడనూ తలుపునూ కిటికీ అద్దాన్నీ తనతోపాటు ఊపుకుంటూ వచ్చేస్తుంది. దిండు చెవికి అదుముకుంటే దిండూ దరువేసింది. బల్ల మీది మంచినీళ్ల గ్లాసులో నీళ్లు వణుకుతుంటే చూస్తూ పడుకున్నాను. ఆ రాత్రి నాకు దక్కిన సముద్రం ఆ గ్లాసే.

సముద్రమూ రొదే కదా, దాని పక్కన నిద్ర పట్టడం లేదా అని మీరు అడగవచ్చు. నేనూ అనుకుని, మర్నాడు ఉదయం ఒడ్డున కూచుని వాచీ చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి ఆరేడు కెరటాలు. మీవి లెక్కపెడితే నిమిషానికి 120 దెబ్బలు. నా గుండె 72 కొడుతుంది, అదీ బిళ్ల వేసుకుంటే. సముద్రం వెంట అది తీరిగ్గా నడవగలదు. మీ వెంట పరిగెత్తే వయసు దానికి దాటిపోయింది.

మీరు కొలువుదీరిన చోటు గురించి కూడా కొంచెం తెలుసుకోండి. ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలన్న మాట మీద 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ బాపట్లలోనే. జనాన్ని ఉద్దేశించి పెద్దలు గంటల తరబడి మాట్లాడిన రోజులవి. అప్పటికి మీరు పుట్టలేదు. ఇవాళ్టి మీ రూపానికి మూలమైన స్పీకరును అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు తయారుచేసింది 1925 ప్రాంతంలో. అంటే ఒక జాతి తనకో రాష్ట్రం కావాలని అడగడానికి అక్కరకు రాని యంత్రం, ఎనిమిదిమంది ఈత కొట్టడానికి జంటగా కావలసివచ్చింది.

చట్టం సంగతికొద్దాం. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి ధ్వని కాలుష్య నియమాలు ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నాలుగు గోడల మధ్య హాళ్లలో తప్ప లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలకూ ఉత్సవాలకూ రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ రాత్రి 10 గంటల గీతను గట్టిగా గీసింది. మీ కొలనుకు గోడలు లేవు, ఆకాశమే పైకప్పు. ఆ శనివారం ఏ పండగా కాదు. వాణిజ్య ప్రాంతమైతే రాత్రి 55 డెసిబెల్స్, నివాస ప్రాంతమైతే 45 అన్నది నియమం. నా బాల్కనీలో ఫోనుతో కొలిస్తే 78 చూపించింది. ఫోను కొలత కోర్టులో నిలవదని నాకూ తెలుసు. కానీ డెసిబెల్ లెక్కలో 10 పెరిగితే శబ్దశక్తి పదిరెట్లు. 55కూ 78కీ మధ్య తేడా దాదాపు రెండు వందల రెట్లు. ఫోను కాస్త అబద్ధమాడిందనుకుని సగానికి సగం కొట్టేసినా, మిగిలేది వంద రెట్లు.

ఇంతసేపూ మీ నేరాలే చెప్పాను. ఇప్పుడు నాది.

శనివారం తెల్లవారుజామున అయిదింటికి ఎలాగూ నిద్ర లేదు కదా అని ఒడ్డుకు వెళ్లాను. ఇంకా చీకటి. మీరు అలసి పడుకున్నారు. చల్లగాలి, కాళ్ల కింద తడి ఇసుక. ప్రాణం లేచొచ్చి, జేబులోంచి ఫోను తీసి ఘంటసాల పాటలు పెట్టాను. గట్టిగానే పెట్టాను. మంచి పాట కదా, ఎవరికి చేదు? ఓ ఫర్లాంగు నడిచాక పడవ దగ్గర నిలబడ్డ నలుగురిలో ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

"సారూ, కాసేపు ఆ పాట ఆపుతారా? పడవ దించాల. చీకట్లో కెరటం కంటికి ఆనదు. యాడ ఇరుగుతుందో చెవితోనే ఇనాల."

ఆపేశాను. ఆయన తల కొంచెం పక్కకు వంచి అలా నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఒక కెరటం విరిగింది. రెండోది విరిగింది. నాకు రెండూ ఒకటే. ఆయనకు కాదు. మూడోదో నాలుగోదో వచ్చాక "ఊఁ" అన్నాడు, నలుగురూ పడవకు భుజాలానించి తోశారు, రెండు నిమిషాల్లో చీకట్లో కలిసిపోయారు.

మీ చిన్న తమ్ముణ్ణి నేనే జేబులో వేసుకు తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది. నా పాట మంచిదనీ మీ పాట చెడ్డదనీ వాదించే హక్కు ఆ ఇసుకలోనే వదిలేశాను.

ఆ పెద్దాయన చెవి సరదా చెవి కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచింది ఈ కోస్తాలోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే. ఇవాళ రేడియోలూ ఫోన్లూ హెచ్చరిస్తాయి, నిజమే. అయినా ఇక్కడ పుట్టినవాడికి సముద్రం గొంతు ఇంటి పెద్ద గొంతు లాంటిది. మనం రెండు రోజులకు వచ్చి దాన్ని నోరుమూసుకోమంటున్నాం.

ఇదే ఫిబ్రవరిలో ఈ తీరానికి ఇంకో అతిథి వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలోకి పాకి వచ్చి, గుంట తీసి, ఒక్కోటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొచ్చి, ఏ వైపు వెలుగు ఎక్కువుంటే ఆ వైపు పాకుతాయి. దీపాల్లేని తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. మీ నడుము వడ్డాణం లాంటివి వెలుగుతుంటే అవి దారి తప్పి ఊరి వైపు పాకుతాయి. నేను అడిగితే మేనేజరు కుర్చీ వేశాడు. వాటికి ఆ మర్యాదా లేదు.

ఇక నా కోరికలు. మిమ్మల్ని సముద్రంలో పారేయమనడం లేదు, అది సముద్రానికి శిక్ష. పెళ్లికో పుట్టినరోజుకో ఎవరైనా నిజంగా అడిగితే పాడండి. పాడేటప్పుడు ఎనిమిదిమంది ఉంటే ఎనిమిదిమందికి సరిపడానే పాడండి. రాత్రి 10 కొట్టగానే తీగ పీకించుకోండి, దీపాలు ఆర్పించుకోండి. దీనికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, కరెంటు బిల్లు తగ్గుతుంది కూడా. మీ యజమానికి ఇందులో వ్యాపారం కనిపించాలంటే అదీ చెబుతాను. సముద్రం కనిపించే గదికి 1,200 అదనంగా ఇచ్చాను. సముద్రం వినిపించే గది అని బోర్డు పెట్టమనండి, ఇంకో 1,200 ఇస్తాను.

ఇట్లు,
107లో దిగి, 78 విని వచ్చినవాడు

తా.క.: ఈ ఉత్తరం చదివే పెద్దలకు ఒక మనవి. ఈసారి సముద్రం ఒడ్డున గది తీసుకునేటప్పుడు ఏసీ ఉందా, టిఫిను కలిపేనా అని అడుగుతారు కదా, దాంతోపాటు రాత్రి పది తరవాత పాటలుంటాయా అని కూడా అడగండి. గెస్టులు అడుగుతారనే కదా వాళ్లు పెడుతున్నది. అదేదో మనమే అడుగుదాం. అడిగాక, ఒడ్డుకు వెళ్లేటప్పుడు ఫోను గదిలో పెట్టి వెళ్లండి.