పల్నాటి దుమ్ముకు బహిరంగ లేఖ

పిడుగురాళ్ల

దుమ్మూ,

గారు పెట్టలేదని నొచ్చుకోకు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కంచంలో తింటున్నాం, మన మధ్య గారూ గీరూ ఏంటి? ఇస్త్రీ చొక్కా మీద కూర్చున్నావు, ఊరుకున్నాను. ఫ్యాను రెక్కల మీద గడ్డకట్టావు, స్టూలెక్కి తుడుచుకున్నాను. ఇప్పుడు నా విమానంలోకి దూరావు. అందుకే నలుగురిలో పెడుతున్నాను.

నా విమానమంటే టేబుల్ మీద ఒక జాయ్‌స్టిక్, దాని ఎడమపక్క ఒక థ్రాటిల్. అమ్మ భాషలో గేరు రాడ్లు. రాత్రి పదిన్నరకి అందరూ పడుకున్నాక, కంప్యూటర్లో గన్నవరం రన్‌వే మీద సెస్నా 172 ఎక్కుతాను. పడమటికి ముక్కుసూటిగా పోతే అమరావతి, ఆ తర్వాత మన ఊరు, దాచేపల్లి, గురజాల, రెంటచింతల, చివరికి నాగార్జునసాగర్. 160 కిలోమీటర్లు, ముప్పావు గంట. ఆటలో మన ఆకాశం కడిగిన గాజులా ఉంటుంది. క్వారీలు తెల్లటి మచ్చల్లా కనపడతాయి గానీ నువ్వు మాత్రం ఎక్కడా ఉండవు. పైన లేనిదానివి నా చేతికిందే ఉన్నావని తెలియడానికి ఏడాది పట్టింది.

పోయిన మిరప కల్లాల కాలంలో, సరిగ్గా రెంటచింతల మీద, తిన్నగా పోతున్న విమానం తుమ్మొచ్చినట్టు ఎడమకి ఉలిక్కిపడింది. నేను చెయ్యి కదపలేదు. థ్రాటిల్ సగంలో పెడితే ఇంజన్ చప్పుడు ఉబ్బసం రోగి ఊపిరిలా ఎగసి తగ్గుతోంది. ఎండలకి పేరుమోసిన రెంటచింతల కదా, వేడికి గాలి అలా లేస్తుందేమో, ఈ ఆట తయారుచేసినవాళ్లు ఎంత శ్రద్ధగా చేశారో అని ముచ్చటపడ్డాను కూడా. ఆటలో గాలి మొత్తం ఆపేసి ఎగిరినా అదే తంతు. విండోస్‌లో ‘జాయ్ డాట్ సీపీఎల్’ అని కొడితే ఒక పెట్టె తెరుచుకుంటుంది, అందులో ప్రాపర్టీస్ నొక్కితే చిన్న ప్లస్ గుర్తు. స్టిక్ వదిలేస్తే అది నడిమధ్య కదలకుండా నిలబడాలి. నాది పూనకం వచ్చినట్టు వణికింది.

అడుగున రబ్బరు కాళ్లు పీకి, మరలు విప్పి చూశాను. స్ప్రింగు మడతల్లో విభూతి పెట్టినట్టు తెల్లటి చార. ఇంకాస్త లోపల, గోటి కొనంత ఎర్రటి తొక్క, ఎండుమిరపది. తెలుపు సున్నపు బట్టీలది, ఎరుపు కల్లాలది. ఏ ఊరి దుమ్మువో చెప్పడానికి ఇంకో ఆధారం అక్కర్లేదు.

మొదట నూనె పోశాను. కుట్టుమిషన్ నూనె, నాలుగు చుక్కలు. రెండ్రోజులు వెన్నలా తిరిగింది. ఆ తర్వాత సున్నపు రాతి పొడి, నూనె కలిసి కిటికీ అద్దాలకి పెట్టే లప్పంలా తయారైంది. రెండోసారి పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టించాను. ఆ గాలిలో నీటి తుంపర ఉంటుందని, స్ప్రింగు ఎగిరి రోడ్డవతల పడుతుందని అప్పుడే తెలిసింది.

చివరికి నరసరావుపేటలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర పెట్టాను. కళ్లజోడు పైకి తోసి చూసి నవ్వాడు. “ఏందబ్బాయ్, వాల్యూం కంట్రోలే గదా ఇది!”

నిజమే. పాత రేడియోలో మీట తిప్పితే గరగరమనేది చూశావూ, ఆ వస్తువే. నల్లటి కార్బన్ పట్టీ, దానిమీద రాసుకుంటూ జరిగే లోహపు రేకు. రేకు ఎక్కడుందో దాన్నిబట్టి వోల్టేజీ, వోల్టేజీని బట్టి విమానం. పట్టీకీ రేకుకీ మధ్య నువ్వొక్క రేణువు దూరితే అంకె గంతేస్తుంది. రేడియోలో గరగర, నా దగ్గర ఉలికిపాటు. ఆయన ఎండిపోయే రకం కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివర్నుంచి ఆ చివరకి ముప్పైసార్లు తిప్పాడు. ప్లస్ గుర్తు బుద్ధిగా నిలబడింది. “మళ్లా వస్తావులే,” అన్నాడు. మూడు నెలలకి వెళ్లాను. పట్టీ అరిగిపోయింది.

తప్పు నాది కూడా. కొనేటప్పుడు బటన్లు లెక్కపెట్టాను. పన్నెండున్నాయని మురిసిపోయాను. పల్నాడులో జాయ్‌స్టిక్ కొనేవాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లోపల రాసుకునేదేమైనా ఉందా? రాసుకోనివీ ఉన్నాయి. కదిలే ముక్కకి అయస్కాంతం, ఎదురుగా చిప్పు, మధ్యలో ఖాళీ. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్, కరెంటు పారుతున్న బంగారు రేకుని అయస్కాంతం ముందు పెడితే అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుందని చూశాడు. హాల్ సెన్సరంటే ఆయన పేరే. సున్నం అయస్కాంతాన్ని లెక్కచేయదు, అయస్కాంతం సున్నాన్ని లెక్కచేయదు. నువ్వు ఆ ఖాళీలో పడకేసినా అంకె కదలదు. థ్రస్ట్‌మాస్టర్ టీ 16000ఎం లాంటివాటి స్టిక్కులో ఉన్నది ఈ రకమే.

అయితే మెలిక ఒకటుంది. స్టిక్కుని అటూఇటూ వంచేచోట అయస్కాంతం పెట్టి, చుక్కానికోసం మెలితిప్పేచోట పాత కార్బన్ పట్టీనే పెట్టినవి చాలా ఉన్నాయి. పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసేది మొదటిదాని గురించే. థ్రాటిల్ సంగతి విడిగా అడగాలి, అదే ముఖ్యం కూడా. స్టిక్కు వణికితే ఆటలో డెడ్‌జోన్ కాస్త పెంచి నడిమధ్య వణుకుని కప్పేయొచ్చు. థ్రాటిల్‌కి నడుమ లేదు. ప్రయాణమంతా ముప్పాతిక దగ్గరే ఉంటుంది, పట్టీ అక్కడే అరుగుతుంది, కప్పేందుకు దారిలేదు. మన తేజస్ యుద్ధవిమానంలో పైలట్ రెండు చేతులూ స్టిక్కు, థ్రాటిల్ మీదనుంచి తియ్యకుండా పోరాడేలా బటన్లన్నీ వాటిమీదే పెట్టారు. దాన్నే హోటాస్ అంటారు. ఆ పేరు అచ్చేసిన ప్రతి పెట్టెనీ నమ్మి డబ్బులు పెట్టకండని చదివేవాళ్లకి చెబుతున్నాను, నీకు కాదు.

ఇప్పుడు నా దగ్గరున్నది హాల్ రకం. ఆట అయ్యాక స్టిక్కు, థ్రాటిల్ రెండింటి మీదా అమ్మ పాత నేత చీర ముక్క తడిపి పిండి, ఆరేసి కప్పుతాను.  మెత్తటి పెయింటు బ్రష్షుతో వారానికోసారి దులుపుతాను, నోటితో ఊదను, నూనె సీసా ఆ గదిలోకి రానివ్వను. మొన్న అమ్మ తలుపు దగ్గర నిలబడి, “ఏరా, గేరు రాడ్డుకి కూడా ముసుగేశావా?” అంది. మరి ఆమె టీవీకి వేసిన అల్లికల ముసుగు సంగతో?

నిన్ను ఊరొదిలి పొమ్మని అడిగే ముఖం నాకు లేదు. మా నాన్న బట్టీలో బొగ్గూ రాయీ ఎత్తిన కూలితోనే నేను చదువుకున్నాను. మాచర్లలో సిమెంటు మొదలైంది 1958లో. సాగర్ డ్యాముకి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఇక్కడ నువ్వు లేవకుండా ఇల్లుగానీ వంతెనగానీ లేవలేదు. మిరప ఎండితేనే మార్కెట్‌యార్డుకి బస్తా. నీవల్ల ఊపిరాడనివాళ్లు బట్టీల దగ్గర ఉన్నారు, వాళ్లముందు నా విమానం గోడు గోడే కాదు.

కాబట్టి అడిగేది చిన్నదే. స్టిక్కు వంపు దగ్గర కూర్చో, థ్రాటిల్ గాడిలో పడుకో, బటన్ల చుట్టూ తిరుగు, నాకేం అభ్యంతరం లేదు. నా స్టిక్కులో మెలితిప్పేచోట మాత్రం ఇంకా ఆ పాత కార్బన్ పట్టీనే ఉంది. కల్లాలు మొదలవబోతున్నాయి. అక్కడికి రాకు.

ఇట్లు,
నీ ఊరివాడు