జాయ్‌స్టిక్కుతో మాయాబజార్

మా ఇంట్లో టీవీకి రిమోట్ లేదు. ఎట్లా పోయిందంటారా? మీ ఇంట్లోది ఎట్లా పోయిందో అట్లానే. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోనులోనే తీర్పు చెప్పేశాడు: "బుడ్డోడి జాయ్‌స్టిక్ ఉంది కదా నాన్నా, తగిలించుకో. కోడీకి అది చాలు."

వాడి మాటలో అబద్ధం లేదు. ఈ కోడీ అనే సాఫ్ట్‌వేర్ పుట్టిందే ఆటల పెట్టెలో. 2002లో ఎక్స్‌బాక్స్‌లో సినిమాలు చూసుకోడానికి ఔత్సాహికులు రాసుకున్న ప్రోగ్రాం అది. ఇప్పటి పేరు 2014లో పెట్టారు. జాయ్‌స్టిక్ దానికి పుట్టింటి సొమ్ము. కాకపోతే ఆ పుట్టింటివాళ్లెవరికీ కోవూరులో కూర్చుని మాయాబజార్ వెతికే అవసరం పడలేదు.

తెర మీద కీబోర్డు వస్తుంది. టైపు మిషన్ వరస, పదివేళ్లకి పనికొచ్చేది. నాకున్నది ఒక పుల్ల, ఒక బొటనవేలు. ఎం కొట్టాక ఏ దగ్గరికి రావాలంటే ఎడమకి ఆరు గళ్లు, పైకి ఒకటి. వై కావాలంటే కుడికి అయిదు, పైకి ఒకటి. మళ్లీ ఏ. నెల్లూరు పోవాల్సినవాడు కోవూరులో బస్సెక్కి అల్లూరు చుట్టి వచ్చినట్టుంటుంది. దానికితోడు పుల్ల తనంతట తనే ఎడమకి జారుతుంది. వై కొడదామంటే టీ పడుతుంది. వంటింట్లోంచి మా ఆవిడ: "ఏందండీ, ఇంకా మొదలు కాలేదా? నా పిండి రుబ్బడం కూడా అయిపోయింది!"

అసలు ఆ సినిమాలోనే ఉంది చూడండి, ప్రియదర్శిని పెట్టె. 1957లో కె.వి. రెడ్డి గారు దానికి మెనూ పెట్టలేదు. మూత తీస్తే చాలు, ఎవరికి ఏది ఇష్టమో అదే కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. ముందు ప్రొఫైల్ ఎంచుకోమనదు, అప్‌డేట్ వచ్చిందనదు. శశిరేఖ గనక ఈ పుల్లతో ఏ, బి, హెచ్ అని ఏరుకుంటూ కూర్చునుంటే, అభిమన్యుడి పేరు పూర్తయ్యేలోపల లక్ష్మణకుమారుడు తాళి కట్టేసేవాడు. ఘటోత్కచుడికి పనే ఉండేది కాదు, వివాహ భోజనం మగపెళ్లివారే తినిపోయేవారు. బలరాముడైతే పుల్లతో తంటాలు పడతాడా, నాగలి తీసుకునేవాడు. తమ్ముణ్ణి అడిగితే ఆయనా మా అబ్బాయి లాగానే "ఒకసారి ఆపి ఆన్ చెయ్యన్నా" అని నవ్వి ఊరుకునేవాడు.

ఈ జారుడు సంగతి మెకానిక్‌ని అడిగాను. పాత రేడియోలో వాల్యూం కంట్రోల్ ఉంటుందే, లోపల అట్లాంటిదే ఉంటుందట. కార్బన్ పూత అరిగిపోతే పుల్ల నడిమధ్యన నిలబడున్నా పక్కకి నెట్టినట్టే లెక్క. అరగదీసింది మా మనవడే. వేసవి సెలవులకి వచ్చినప్పుడల్లా కార్ల రేసులో ఎడమ మలుపులు తిప్పీ తిప్పీ. ఇప్పుడు వాడు ఇంటర్. సెలవులంటే కోచింగ్. పండక్కి వచ్చినా ఆ జాయ్‌స్టిక్ వంక చూడడు, చేతిలో ఫోనుంది. కొత్తది కొందామని పెన్నా దాటి ట్రంకు రోడ్డు దాకా పోయాను. ధర కనుక్కుని వట్టి చేతులతో వచ్చేశాను. ధర ఎక్కువేం కాదు.

కోడీ సెట్టింగుల్లో డెడ్ జోన్ అని ఒకటుంది. అది కాస్త పెంచితే చిన్నచిన్న జారుళ్లని లెక్కపెట్టదు. పెంచాను. ఇప్పుడు గట్టిగా నెడితేగానీ కదలదు. నాకు ఫరవాలేదు. మీరు మాత్రం సినిమా చూడాలనుంటే, నాలుగు బాణాలూ ఒక ఓకే ఉన్న రిమోట్ కొనుక్కోండి.